ఊ కొట్టినంత మాత్రాన

సిరిగిరి రాజు రణసింగభూపాలుడికి ఓ ఉదయం చక్కెర పొంగలి తింటుండగా సందేహం పుట్టింది. ఆయనకు సందేహం పుట్టిందంటే ఇక సభలో ఎవరికీ తిండి సయించదు.

“ఇద్దరి మధ్య మాట ఒప్పందంగా ముడిపడేది ఎప్పుడు? చెప్పినవాళ్ళకి ఈ రత్నకంకణం!”

భైరవభట్టు లేచాడు. ధర్మశాస్త్రమంతా తన తలపాగాలోనే ఉందనుకునే మనిషి.

“అవతలివాళ్ళు ‘ఊ’ అనగానే, ప్రభూ. మనసుతో పనిలేదు. మొన్న పాల పోలమ్మని, ‘నీ గేదెను నాకిచ్చేస్తావా?’ అన్నాను. ఊ అంది. గేదె మా కొట్టంలో ఉంది.”

రాజుగారికి మొరపెట్టుకుందామని పొద్దుటినుంచి గుమ్మం దగ్గర నిలబడ్డ పోలమ్మ ఘొల్లుమంది.

“పాలు పితుకుతుంటే పంతులుగారు పక్కన నిలబడి తన గొప్పలు చెప్పుకుపోతున్నారు మారాజా! పెద్దాయన కదా అని ఊ కొట్టాను. మధ్యలో ఏమడిగారో ఎవరు విన్నారు! ఆ గేదె లేకపోతే నా పిల్లలేం తింటారు?”

రాజుగారు గడ్డం గోక్కున్నారు. “అయినా... ఊ అన్నావు కదమ్మా.”

విదూషకుడు సింగరయ్యకు ఒళ్ళు మండిపోయింది. పైకి మాత్రం చేతులు జోడించాడు.

“అబ్బ, ఏం చెప్పారండీ భట్టుగారూ! మీ మీద ఇప్పటికిప్పుడు ఓ కథ చెప్పాలనుంది. కాస్త ఊ కొడతారా? లేకపోతే నాకు కథ సాగదు.”

భట్టు మొహం చేటంత అయింది.

“అనగనగా ఒక మహాపండితుడు.”

“ఊ.”

“ఆయన్ని మించినవాడు ఈ భూమ్మీదే లేడు.”

“ఊ... ఊ!”

“ఆయన వీధిలోకొస్తే ఏనుగులు కూడా పక్కకి తప్పుకునేవి.”

భట్టు హాయిగా కళ్ళు మూసుకున్నాడు. “ఊ.”

“భట్టుగారూ, మీ రెండంతస్తుల మేడ నాకిచ్చేస్తారా?”

“ఊ.”

ఎవరో కిసుక్కున నవ్వారు. భట్టు కళ్ళు తెరిచేసరికి, సింగరయ్య తాళంచెవుల కోసం చెయ్యి చాపి ఉన్నాడు.

“ఓరి నీ దుంపతెగ! కథ వింటూ ఊ కొట్టానయ్యా! ఇచ్చే మనసు లేకుండా ఊ అంటే అది ఒప్పందమెలా అవుతుంది?”

“విన్నారుగా ప్రభూ! మేడ నాకొద్దు, పోలమ్మ గేదెను ఇప్పించండి. ఇక మీ సందేహం తీర్చింది భట్టుగారే కాబట్టి, కంకణం న్యాయంగా ఆయనకే రావాలి.”

గేదెను తోలుకెళ్ళమని రాజుగారు పోలమ్మకు సైగ చేశారు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ పరుగెత్తింది.

భట్టుకి ఇంకా ఆశ చావలేదు. “అయితే ప్రభూ, కంకణం నాకే ఇస్తారా?”

“ఊ,” అంటూ రాజుగారు దాన్ని సింగరయ్య చేతికి తొడిగారు.

సభ పగలబడి నవ్వింది.