చీలమండ పట్టు

సన్యాసినాయుడు మాస్టారికి పేరులో ఉన్న సన్యాసం తిండిలోనూ లేదు, కోపంలోనూ లేదు. శిష్యులు ఏదైనా అడిగితే మాత్రం జవాబు చెప్పడానికి మహా పిసినారి. "ముందు కోర్టులోకి దిగు, తర్వాత మాట్లాడుకుందాం" అనేవాడు. బొబ్బిలి పక్కన రైసుమిల్లు వెనకాల, ఇసక కోర్టులో ఆయన దగ్గర కబడ్డీ నేర్చుకున్న వాళ్ళందరికీ ఆ మాట కంఠతా వచ్చు.

వాళ్ళలో దేశం తరఫున ఆడింది దమయంతి ఒక్కతే. కూతకు వెళ్ళిందంటే ఇద్దరినో ముగ్గురినో తాకి నవ్వుతూ తిరిగొచ్చేది. ఎన్ని దేశాలు తిరిగిందో, ఎన్ని పతకాలు తెచ్చిందో జిల్లా అంతా చెప్పుకునేవారు. రెండేళ్ళ కిందట కుడి మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. రైల్వే ఉద్యోగమూ, గోడ నిండా ఫోటోలూ మిగిలాయి.

ఒకరోజు పొద్దున్నే ఆవిడ మాస్టారి దగ్గరికి వచ్చింది. రాష్ట్రం జట్టుకి కెప్టెన్‌గా రమ్మని కబురొచ్చిందట. ఆ పూటే జవాబు చెప్పాలి. డాక్టరేమో, మోకాలు ఇంకోసారి తిరగబడితే జీవితాంతం చేతికర్ర తప్పదన్నాడట.

"నాలో ఇంకా ఆట ఉందా మాస్టారూ? మీరు ఉందంటే వెళ్తాను, లేదంటే మానేస్తాను," అంది. ఆట మానేస్తే తానెవరో ఆవిడకే తెలియదు మరి!

మాస్టారు చెప్పేదేముంది! కోర్టులోకి దిగమన్నాడు. ఆవేళ ఇసక మాత్రం మామూలుకన్నా లోతుగా, మెత్తగా తవ్వించాడు.

అవతల ఆరుగురు ఆడపిల్లలు. దమయంతక్క వచ్చిందని తెలిసేసరికి వాళ్ళ కాళ్ళు నేలమీద నిలవలేదు. ఒక్కొక్కతే వచ్చి ఆవిడ పాదాలు తాకి, కళ్ళకద్దుకుని, వెళ్ళి తన చోట్లో నిలబడింది. దమయంతి గీత దాటి కూత పెట్టింది. ఒకతెను భుజం మీద తాకింది, ఇంకొకతెను నడుం మీద తట్టింది. మూలనున్న పిల్ల ఆవిడ కాలి దాకా చెయ్యి చాపి, ఎందుకో వెనక్కి తీసుకుంది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తిరిగొచ్చింది. మోకాలి నొప్పి కూడా తెలియలేదు.

"ఉంది మాస్టారూ! ఆట ఎక్కడికీ పోలేదు!" అని చిన్నపిల్లలా అరిచింది. పాపం, ఆ సంతోషం చూస్తే ఎవరికైనా కళ్ళు చెమర్చేవి. మాస్టారు వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ, "మంచిదే. ఇంకొక్కసారి వెళ్ళిరా," అన్నాడు.

అంతలో ఇంకో పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆలస్యమైందని తిట్లు పడతాయన్న భయంతో ఎవరినీ పలకరించకుండా, ప్యాంటు పైకి మడుచుకుని మూలలో నిలబడిపోయింది. కొత్తగా చేరిన పిల్ల. దమయంతి పేరు విన్నదే గాని మనిషిని చూసి ఎరగదు. ఏ ఊరినుంచో ఆడడానికి వచ్చిన మనిషి అనుకుంది.

దమయంతి కూత పెట్టుకుంటూ వెళ్ళి, ఎడమ కాలు చాచిందో లేదో, చీలమండ దగ్గర ఉడుంపట్టు పడింది. ఒక్క గుంజు గుంజేసరికి అంత మనిషీ ఇసకలో బోర్లా పడింది. పట్టింది మంచి కాలు కాబట్టి సరిపోయింది. గీత ఇంకా అందనంత దూరంలోనే ఉంది.

"ఓలమ్మో! దమయంతక్కనే పట్టీసినావేటే!" అని మిగతావాళ్ళు గొల్లుమన్నారు. ఆ పిల్ల చటుక్కున వదిలేసి, "నాకు తెల్దక్కా! తెలిస్తే పట్టకపోదును," అంటూ ఏడుపు లంకించుకుంది.

దమయంతి లేవలేదు. మొదట ఒళ్ళు మండిపోయింది. తర్వాత ఆ మాట మెల్లగా లోపలికి దిగింది. తెలిసినవాళ్ళెవరూ పట్టలేదన్నమాట. కళ్ళకద్దుకున్న చేతులు ఆ కాళ్ళనే ఎలా పట్టుకుంటాయి? ఇందాక తాను వేసిన కేక గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. అలాగే పడుకుని ఏడ్చింది కూడా, దాచేదేముంది! కాసేపటికి లేచి కూర్చుని చీలమండ తడుముకుంది. ఆ పిల్ల వేళ్ళన్నీ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. ఏ దేశంవాళ్ళూ తనను ఇంత గట్టిగా పట్టలేదే అనిపించింది.

అప్పుడే ఫోను మోగింది. రాష్ట్రం జట్టు కోచ్.

"నేను రానండి," అంది దమయంతి. ఆ మాట అనడానికి గుండె రాయి చేసుకోవలసి వచ్చింది. "మూలలో ఆడడానికి ఒక పిల్లని తీసుకొస్తాను. చూడండి, మీకే తెలుస్తుంది."

"పేరేంటమ్మా?" అన్నాడాయన.

దమయంతికి తెలియదు. ఫోను చేత్తో మూసి, "ఆ పిల్ల పేరేంటి మాస్టారూ?" అని అడిగింది.

మాస్టారు నోరు పుక్కిలించి ఊసి, "నన్నడుగుతావేం? వెళ్ళి ఆ పిల్లనే అడుగు," అన్నాడు. "ఇన్నాళ్ళూ అందరూ నీ పేరే కదమ్మా అడిగారు."