తెడ్డు పట్టిన తిప్పరాజు

గంధవరం ఏలే తిప్పరాజుకు ఒకనాడు ఉన్నట్టుండి ఒక కోరిక పుట్టింది.

ఆ ఊరికి బయటివాళ్ళు ఎవరొచ్చినా ఏరు దాటి రావాల్సిందే. దాటించేవి వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టిలు. పుట్టి ఎక్కినవాడు ఊరికే కూర్చోడు కదా, "మీ రాజు ఎలాంటివాడోయ్?" అని అడుగుతాడు. దానికి పుట్టివాడు మొదట ఏం చెబుతున్నాడో తన చెవులతో వినాలని రాజుగారికి బుద్ధి పుట్టింది.

తలకు ముతకగుడ్డ చుట్టుకుని వెళ్ళాడు. విన్నాడు. ముఖం జేవురించి తిరిగొచ్చాడు.

"చెరువులు తవ్వించానే, గుళ్ళలో దీపాలు పెట్టించానే, ఒక్కటైనా చెప్పాడా వాడు? 'మా రాజా? కృష్ణాష్టమినాడు ఉట్టికి ఎగిరి ఎర్రటి వసంతం నీళ్ళ తొట్టిలో పడ్డాడే, ఆయనే' అన్నాడు! పైగా లేచి నిలబడితే పెళ్ళికూతురిలా ఎర్రగా ఉన్నానట!"

సభలో అందరూ పెదవులు బిగబట్టారు. రాజుగారికి తాంబూలం చుట్టి అందించే అడపకత్తె గౌరాంబ మాత్రం తమలపాకుల పళ్ళెంలోకి తల పూర్తిగా వంచేసింది. ఆ రోజు ఆవిడ తొట్టి పక్కనే ఉంది మరి.

"నవ్వులాట కాదు. మా అబ్బాయి చిన్నదొరకు పిల్లనిచ్చే ముందు ఇల్లూ వాకిలీ విచారించుకోవడానికి నీలగుండం నుంచి పిల్ల మేనమామ గుండయ్య పౌర్ణమికి వస్తున్నాడు. రేవులోనే ఈ మాట విన్నాడా, సంబంధం ఏట్లో కలిసినట్టే!"

వందిమాగధుల పెద్ద విరూపభట్టు మీసం దువ్వుకుంటూ లేచాడు.

"ఇంతేనా ప్రభూ! రేపటికల్లా ఆ మాట వినిపిస్తే ఒట్టు."

మర్నాడు ఊరంతా దండోరా మోగింది. "రాజుగారు ఉట్టికి ఎగిరి వసంతం తొట్టిలో పడిన సంగతి ఇకమీదట ఎవ్వరూ ఎత్తరాదహో!"

అంతవరకు ఆ సంగతి ఆ రోజు చూసినవాళ్ళకూ, రేవులో వాళ్ళకూ మాత్రమే తెలుసు. దండోరా పుణ్యమా అని, గడప దాటని ముసలమ్మలు కూడా "ఏమిటేమిటీ, తొట్టిలోనా?" అని అరుగులెక్కారు.

భట్టు బెదరలేదు. పుట్టివాళ్ళందరినీ కూర్చోబెట్టి బిరుదుల దండకం వల్లె వేయించాడు. ఎవరడిగినా ముందు అదే చెప్పాలన్నాడు. రేవు పెద్ద జాలయ్య "సమరభీముడు, దానకర్ణుడు..." అని మొదలెట్టి సగంలో కిసుక్కుమనేవాడు. "ఎందుకోయ్ నవ్వుతున్నావు?" అని అడిగేవాళ్ళు ఎక్కినవాళ్ళు. అడిగాక చెప్పక తప్పుతుందా?

రాజుకు ఒళ్ళు మండిపోయింది. "గుండయ్య ఏరు దాటేలోగా ఏ పుట్టివాడి నోటనైనా ఆ మాట వచ్చిందా, రేవులో పుట్టిలన్నీ కాల్పించేస్తాను!"

జాలయ్య ఏడుస్తూ గౌరాంబ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నోరు నాదేగానీ నవ్వు నా చేతిలో లేదమ్మా. ఆయన పేరెత్తితే చాలు, తన్నుకొస్తోంది. పుట్టి పోతే పిల్లలకు గంజెక్కడిది తల్లీ?"

"ఏడవకు జాలయ్యా. ఆ వేణుగోపాలుడే ఉట్టి కొట్టిన స్వామి. దారి ఆయనే చూపిస్తాడు" అని, దణ్ణం పెట్టుకుని, పళ్ళెం చంకన పెట్టుకుని గౌరాంబ సభకు వెళ్ళింది.

"ప్రభూ, గుండయ్యగారు ఎక్కే పుట్టికి తెడ్డు మీరే పట్టండి. ఇక ఆ మాట చెప్పడానికి పుట్టివాడెక్కడుంటాడు?"

"సిగ్గులేదుటే!" అని భట్టు కస్సుమన్నాడు. "ఆకులకు సున్నం రాసుకునేదానివి, రాజుచేత తెడ్డు పట్టిస్తావా?"

"ఉట్టికి ఎగిరిన దొర తెడ్డుకు వెనకాడతారా, భట్టుగారూ?"

ఏ పనైనా చేసి చూడనిదే నిద్రపట్టని మనిషి తిప్పరాజు. "పట్టే చూపిస్తాను" అన్నాడు.

పౌర్ణమి పొద్దున రాజు గోచీ బిగించి పుట్టి ఎక్కాడు. తోడుగా జాలయ్యా, గౌరాంబా. ఎక్కగానే ఆవిడ జాలయ్య నోట్లో గుప్పెడంత ఆకుచిలక కుక్కేసింది. అవతలి ఒడ్డున గుండయ్య వచ్చి కూర్చున్నాడు. ఊరి రేవు దగ్గరపడుతుండగా, ఎదురుచూసినట్టే అడిగాడు.

"మీ రాజు ఎలాంటివాడు అబ్బీ?"

"మా ప్రభువా! సమరభీముడు, దానకర్ణుడు, సత్యహరిశ్చంద్రుడు..." రాజు ఊపులో తెడ్డు ఒకే వైపు వేస్తున్నాడు. పుట్టి ముందుకు పోకుండా ఉన్నచోటే గిర్రున తిరుగుతోంది.

గుండయ్య అంచు పట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"ఇంత పొగుడుతున్నావంటే నీ వెనక ఎవడో కర్ర పట్టుకుని ఉన్నాడన్నమాట. వంక లేని రాజును నేనెక్కడా చూడలేదు. ఆ వంక చెప్పడానికి జనం వణికే ఊరికి మా పిల్లను పంపను. వెనక్కి తిప్పు."

రాజు తెల్లమొహం వేసి గౌరాంబ వంక చూశాడు. ఆవిడ తాపీగా ఆకు ఈనె తీస్తూ అంది.

"ఆ ఉట్టి సంగతేదో చెప్పెయ్యి అబ్బీ. అందరికంటే దగ్గర్నుంచి చూసినవాడివి నువ్వే కదా!"

జాలయ్య బుగ్గలు ఉబ్బాయి, కళ్ళవెంట నీళ్ళు కారాయి.

రాజు నసిగాడు, గొణిగాడు, ఆఖరికి మొదలెట్టాడు. మొదలెట్టాక ఊపొచ్చింది. "అసలు ఉట్టి అందిందయ్యా! వేళ్ళకు తగిలింది కూడా! ఆ తాడు లాగేవాడు, వాడి దుంపతెగ, అప్పుడే పైకి లాగాడు. ఇదిగో, ఇలా ఎగిరాను..."

ఎగిరి చూపించాడు. పుట్టి ఒరిగింది. రాజు దభీమని ఏట్లో పడ్డాడు.

మొలలోతు నీళ్ళే. ఒడ్డున భటులు "ప్రభూ! ప్రభూ!" అని దూకారు. గుండయ్య నోరు తెరిచి, మరుక్షణం పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు.

"తమరా! బావగారూ, చెయ్యి ఇలా ఇవ్వండి. తనమీద తనే కథ చెప్పుకుని నవ్వించే మామగారి ఇంట్లో మా పిల్ల నోరారా నవ్వుకుంటుంది. తాంబూలాలు ఎప్పుడు పుచ్చుకుందాం?"

అప్పుడే భట్టు ఒడ్డుకు ఉరికొచ్చాడు. "ప్రభూ, ఆ మాట ఆయన చెవిన పడింది! ఆజ్ఞ ఆజ్ఞే! పుట్టిలు కాల్చాల్సిందే!"

జాలయ్య పుట్టి అంచును రెండు చేతులా కావలించుకున్నాడు. గౌరాంబ చీర చెంగు సర్దుకుంది.

"ఏ పుట్టివాడు చెప్పాడు భట్టుగారూ? జాలయ్య నోట్లో నా ఆకుచిలక ఇంకా నలగనే లేదు. చెప్పింది సాక్షాత్తూ రాజుగారు. కాల్చాలంటే ఆయన పల్లకీ కాల్చండి మరి!"

రాజు నీళ్ళు కారుతూనే పకపకా నవ్వాడు. మొలలో దాచుకున్న ముత్యాలపేరు తీసి తడిచేతులతో గౌరాంబ పళ్ళెంలో వేశాడు. ఆనాటి నుంచి పుట్టివాళ్ళకు రేవు సుంకం లేదన్నాడు.

జాలయ్య నోట్లో ఆకు తుపుక్కున ఉమ్మేశాడు. పొద్దుటి నుంచి బిగబట్టిన నవ్వు కట్ట తెగినట్టు బయటికొచ్చింది. దాంతో రేవు రేవంతా గొల్లుమంది.