దుంపల కోసం మూడు 'సరే'లు

అనగనగా ఒక అడవిలో, బొరియ బొరియకీ కంప్యూటరు వచ్చిపడిన రోజుల్లో, మంగతాయి అనే కుందేలు ఉండేదర్రా. దానికి నలుగురు పిల్లలు. బొరియకి ముందు దారి ఒకటి, వెనక దారులు రెండు. ఎక్కడ తవ్వానో మర్చిపోతానని ఆ దారుల పటం కంప్యూటర్లోనే దాచుకుంది.

దాని కంప్యూటరు మహా మంచిది. ఎవరిచ్చిన ప్రోగ్రామైనా కాదనకుండా ఎక్కించుకునేది. ఏటి ఒడ్డున ఉండే కామేశం తాబేలుది వేరే రకం, ఒట్టి చాదస్తం. అడవి కొట్లో పరీక్షించిన ప్రోగ్రాములే తీసుకునేది. వాటికీ పాస్‌వర్డు అడిగేది. కూడికల ప్రోగ్రాము ఎక్కించడానికి తాబేలుకి ఒక పూట పట్టిందని విని మంగతాయి పడీపడీ నవ్వింది.

ఒకనాడు నక్క తన పేరు చెప్పకుండా ఊరికే ఒక ప్రోగ్రాము పంచింది. చిలగడదుంపలు ఎక్కడున్నాయో అది చూపిస్తుందట. మంగతాయి ఆగుతుందా!

"మీ బొరియ పటం చూడవచ్చా?" అని అడిగింది ప్రోగ్రాము. మంగతాయి 'సరే' నొక్కింది.

"మీరు ఇంట్లో లేని వేళలు తెలుసుకోవచ్చా?" సరే.

"ఇవన్నీ నక్కగారికి పంపవచ్చా?" చదివితే కదా! అదీ సరే.

ఏటి పక్కన దుంపలున్నాయని తెర మీద కనబడింది. మంగతాయి గంతులేస్తూ బయల్దేరింది. సగం దారిలో కామేశం రొప్పుతూ ఎదురైంది.

"నీ దగ్గరికే వస్తున్నానమ్మా. ఆ దుంపల ప్రోగ్రాము చేసింది నక్కేనట. నా కంప్యూటరు ఆ సంగతి చెప్పి మరీ ఆపేసింది. నువ్వు ఎక్కించలేదు కదా?"

మంగతాయికి తను నొక్కిన మూడు 'సరే'లూ గుర్తొచ్చాయి. వెనక్కి ఒకటే పరుగు. అప్పటికే నక్క వెనక దారులు రెండూ బండలతో మూసేసి, ముందు దారిలో తల దూర్చి తవ్వుతోంది. లోపల చప్పుడే లేదు. మంగతాయి ఏడుస్తూ పొద చాటున కూలబడింది.

ఆ పొదలోనే నాలుగు జతల చెవులు కదిలాయి. నిన్న తవ్విన కొత్త దారిలోంచి పిల్లలు బయటపడ్డారు. బద్ధకించి మంగతాయి ఆ దారిని పటంలో పెట్టలేదు. ఆ బద్ధకమే పిల్లల్ని కాపాడిందంటే ఏమనాలి, చెప్పండి. నక్క నోటినిండా మట్టితో తిరిగి వెళ్లిపోయింది.

కొత్త బొరియలో కంప్యూటరు తెరవగానే నక్క ప్రోగ్రాము మళ్లీ పలకరించింది. "ఇల్లు మారారా? కొత్త పటం పంపవచ్చా?"

మంగతాయి పంజా అలవాటుగా 'సరే' మీదికి పోయింది. నలుగురు పిల్లలూ దాన్ని పట్టుకుని వెనక్కి లాగారు.

"ముందు చదువమ్మా" అంది అన్నిటికన్నా చిన్నది.

నీతి: ఎవరు అడుగుతున్నారో, ఏం అడుగుతున్నారో చూడకుండా సరే అనడం సులువే. ఆ సులువే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.