మరిడమ్మ మణికట్టు దారం

అనగనగా, ముసలి చేపలకు తప్ప ఎవరికీ గుర్తులేనంత కాలం కిందట, గోదారి ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో సత్తెయ్య అనే జాలరి. అతనికి ఒక్కగానొక్క కూతురు మరిడమ్మ. ఎంత బక్కపిల్లంటే, గాలి వీచినప్పుడల్లా వాళ్లమ్మ దాన్ని చీరకొంగుకు ముడేసుకుని తిరిగేది.

ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎనిమిదో ఏడు రాగానే పిల్లకు గేలపుకర్ర ఇస్తారు. కర్రకు దారం చుట్టుకునే చిన్న గిలక ఉంటుంది. దారం ఒక కొసకు గేలం, రెండో కొస పిల్ల మణికట్టుకు. ఏటితో చుట్టరికం కలిపినట్టన్నమాట. ఆ రోజు దారం తెగితే ఆ పిల్లకు జన్మలో చేపలు పడవని ఊరందరి నమ్మకం.

మరిడమ్మకు ఎనిమిదో ఏడు దగ్గరపడింది. అందుకే నెల రోజులుగా సత్తెయ్యకు కూడు సహించలేదు, కునుకు పట్టలేదు. దారం తెగితే పిల్ల బతుకేం కాను? ఆ దిగులుకి అతని మొలతాడు మూడుసార్లు జారిపోయింది.

చివరికి కూతుర్ని వెంటబెట్టుకుని దారాల పేరయ్య అంగడికెళ్లి, తెగని దారం కావాలన్నాడు.

పేరయ్య మూడు ఉండలు తీశాడు. మొదటిది బొటనవేలంత లావు. దాంతో ఏనుగును ఏడూళ్లు ఈడ్చుకెళ్లొచ్చన్నాడు. రెండోది పురికొసంత. ఎద్దు కూడా తెంపలేదన్నాడు. మూడోది సాలీడు చూసి సిగ్గుపడేంత సన్నం. దాన్ని పక్కకు నెట్టేశాడు.

సత్తెయ్య చెయ్యి ఏనుగు దారం మీద పడింది. మరిడమ్మ మాత్రం దాని ఒక కొస తన మణికట్టుకు చుట్టుకుని, రెండో కొస పేరయ్య చేతికిచ్చింది.

"లాగు తాతా. బలంగా లాగు."

పేరయ్య బొజ్జ వడ్ల గాదెంత. లాగాడో లేదో, మరిడమ్మ గాల్లో ఎగిరి ఆ బొజ్జ మీద పడింది. రెండో దారంతో లాగితే గడపదాకా జారుకుంటూ వచ్చింది. మూడో దారంతో లాగితే, పిల్ల మడమలు లేవబోతుండగా పుటుక్కుమంది.

"తెగిన దారం ఎవరైనా కొంటారటే?" అన్నాడు సత్తెయ్య.

"నేను కదిలే లోపే తెగింది కదా నాన్నా. నాకిదే కావాలి."

సన్న దారమే కొన్నాడు. కానీ మనసొప్పక, ఏనుగు దారం కూడా తెచ్చి పంచెలో దాచాడు. గేలం వేసే పొద్దున, ఎవరూ చూడకుండా దాన్ని గిలకకు చుట్టబోయాడు. నిమ్మకాయంత గిలక, రెండు చుట్లకే నిండిపోయింది. చేసేది లేక, సన్న దారమే చుట్టాడు.

ఊరంతా ఒడ్డున చేరింది. మొదటిసారి గేలానికి నాచు వచ్చింది. రెండోసారి వేలెడు జెల్ల చేప పడింది. సత్తెయ్యకు సగం ఊపిరి వచ్చింది.

మూడోసారి వాలుగ చేప పట్టింది. దాని మీసమే తాటిచెట్టంత. తోక ఒక్కటి కొడితే అవతలి ఒడ్డున ఆరేసిన బట్టలు తడిసిపోయాయి. గిలక గిర్రున తిరిగింది. కర్ర చేతిలోంచి ఎగిరిపోయింది. దారమంతా అయిపోయింది. ఇక మిగిలింది మణికట్టే.

మరిడమ్మ ఒక్కడుగు జారింది. నీళ్లు పాదాల మీదికొచ్చాయి. రెండో అడుగుకి మోకాళ్లదాకా వచ్చాయి. సత్తెయ్య పరిగెత్తాడు, కానీ బురద అతని కాళ్లను పట్టేసింది. ఏనుగు దారమే కట్టి ఉంటే పిల్ల ఈపాటికి నడి ఏట్లో ఉండేదని అతనికి అప్పుడు తట్టింది. పిల్ల మడమలు లేచాయి.

పుటుక్కుమంది.

వాలుగ వెళ్లిపోయింది. మరిడమ్మ నీళ్లలో చతికిలబడింది.

పక్కింటి నూకరత్నం బుగ్గలు నొక్కుకుంది. మొదటి రోజే తెంపుకుందని, ఇక దీని గేలానికి కప్ప కూడా చిక్కదని సాగదీసింది.

సత్తెయ్య బురదలోంచి పాక్కుంటూ కూతురి దగ్గరకు చేరాడు. దారం కట్టిన చేతి వేళ్లు లెక్కపెట్టాడు. ఐదూ ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాడు.

"తెగింది దారమేగా వదినా," అన్నాడు చివరికి.

ఏనుగు దారంతో పడవను కట్టేశాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఏ పిల్లకు దారం కొన్నా, పేరయ్య ఒక కొస పట్టుకుని లాగాల్సిందే. లాగీ లాగీ, పాపం, గాదెంత బొజ్జ గరిటెంత అయిపోయింది.

పిల్లల చేతికి ఏదైనా ఇచ్చేటప్పుడు, అది ఎంత గట్టిదని కాదు, ఆ చేతికి తగినదా కాదా అని చూడాలి.