ప్రాసెసర్‌కి ముహూర్తం

వయసులో ఉన్నప్పుడు నాకొక జబ్బుండేది. ఏ వస్తువు కొనబోయినా, రేపు దాని ధర తగ్గుతుందేమోనని చెయ్యి వెనక్కి పోయేది. జబ్బని అప్పుడు తెలీదు లెండి. తెలివనుకునేవాణ్ణి.

మా గురువుగారు ఉపద్రష్ట విరూపాక్ష సిద్ధాంతిగారు. మండపేటలో ఉండేవారు. నలభై ఏళ్ళపాటు ఏటా ఉగాదికి ఆయన పంచాంగం రావలసిందే. చుట్టుపక్కల పురోహితులందరూ తిథికీ వర్జ్యానికీ అదే చూసేవారు. ఆ లెక్కలన్నీ ఆయన పలక మీద సుద్దముక్కతో గుణించేవారు. ఆయన దగ్గర నేను పదకొండేళ్ళు చదువుకున్నాను. ఆ పైన కంప్యూటర్ కూడా నేర్చుకుని, తిథులు గుణించే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసుకున్నాను. ఇక నా కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు.

ఒక ఉగాది నాడు పంచాంగ శ్రవణం అయ్యాక గురువుగారు నన్ను దగ్గరికి పిలిచారు.

"ఒరేయ్ ఫణీ, వచ్చే ఏటి పంచాంగం నువ్వు చెయ్యి. దీపావళి వెళ్ళగానే ప్రెస్సుకిద్దాం. అట్ట మీద నా పేరుతో పాటు నీ పేరూ వేయిస్తాను. అయితే నీ గణితం ఒక్కసారి నా కళ్ళతో నేను చూసుకోవాలి."

నా సంతోషం ఏం చెప్పమంటారు! ఆ రోజు ఉగాది పచ్చడిలో వేపపువ్వు కూడా తియ్యగానే ఉంది నాకు.

చిక్కల్లా నా కంప్యూటర్‌తో వచ్చింది. అది ఎవరో వాడి వదిలేసినది. ఒక నెల గణితం వెయ్యమంటే పొద్దున్న మొదలెట్టి దీపాల వేళకి ఇచ్చేది. మధ్యలో రెండుసార్లు బిగుసుకుపోయేది. ఇంత గొప్ప పని ఈ డొక్కుదాని మీద చెయ్యడమా అనిపించింది. రాజమండ్రిలో కంప్యూటర్ల కొట్టు వీర్రాజుని అడిగితే, కొత్త ప్రాసెసర్ వేయిస్తే అదే పని చిటికెలో అయిపోతుందన్నాడు. వీర్రాజు మంచివాడు. ఆ మంచితనమే నా కొంప ముంచింది.

"ఇప్పుడే కొనకండి శర్మగారూ. వచ్చే నెల ధర తగ్గుద్దంట. కాస్త ఆగండి" అన్నాడు.

ఆగాను. తగ్గింది. కొందామని బస్సెక్కి వెళితే, "దీన్ని మించింది ఇంకోటి వస్తోందండి. అదొచ్చిందంటే ఇది సగానికి పడిపోద్ది" అన్నాడు. మళ్ళీ ఆగాను. అదీ వచ్చింది, ఇదీ పడింది. తీరా చూస్తే పడినదాని మీద మోజు పోయింది, కొత్తదాని ధర వింటే గుండె గుభేలుమంది. సరే, అది కూడా పడనీ అనుకున్నాను. సోమవారం సోమవారం ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి వీర్రాజుకి ఫోన్ చెయ్యడం నాకో వ్రతమైపోయింది. వైశాఖం పోయింది, జ్యేష్ఠం పోయింది, ఆషాఢం పోయింది. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ ముహూర్తాలు పెడుతూనే ఉన్నాను, నా ప్రాసెసర్‌కి మాత్రం ముహూర్తం కుదర్లేదు. గణితం ఒక్క రోజుది కూడా వెయ్యలేదు.

శ్రావణంలో గురువుగారు అడిగారు, ఎంతవరకూ వచ్చిందిరా అని. నేను ఆయనకి ప్రాసెసర్ల సంగతంతా ఏకరువు పెట్టాను. ఆయన చెవి నా వైపు పెట్టి శ్రద్ధగా విన్నారు.

"అయితే ఆ ధర తగ్గుతూనే ఉంటుందా?"

"నెలా రెణ్ణెల్లకోసారి తగ్గుతుందండి."

"మళ్ళీ పెరగదూ?"

"పెరగదండి."

"భలే వస్తువేరా! నాకు బుద్ధెరిగాక కందిపప్పు ధర తగ్గి అలా ఉండిపోవడం చూళ్ళేదు" అని నవ్వారు. ఆయన నన్ను మెచ్చుకున్నారనే అనుకున్నాను. అదండీ నా తెలివి.

వినాయక చవితి వెళ్ళిన నాలుగో రోజు వీర్రాజు ఫోన్లో శుభవార్త చెప్పాడు. ధర ఒక్కసారిగా మూడోవంతు పడిపోయిందట. దీపావళికి ఇంకా పడుతుందట. ఈ మాట గురువుగారి చెవిన వెయ్యాలని సైకిలెక్కి ఎండలో పడి ఆయనింటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. గడప దాటి కాలు లోపల పెట్టబోతుంటే గురుపత్ని కామేశ్వరమ్మగారు కేక పెట్టారు.

"ఆగాగు! భాద్రపదం తొక్కుతావు!"

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. కిందకి చూద్దును కదా, గది గచ్చంతా అంకెలు. సుద్దతో రాసినవి, ఒక్కోటి మూరెడుంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వరసలు. వాటి మధ్య గురువుగారు పంచె ఎగ్గట్టి, మోకాళ్ళ మీద పాకుతూ, ముక్కు గచ్చుకి ఆనేటంత వంగి, ఒక తొమ్మిదికి కొమ్ము తిప్పుతున్నారు. ఆయనకి డెబ్బై నాలుగేళ్ళు. వెనకాల అమ్మగారు నోటుపుస్తకం పట్టుకుని, తేలిన లెక్క రాసుకుని, ఆ వరసని తడిగుడ్డతో తుడిచేస్తున్నారు. తుడిచిన చోట ఆయన మళ్ళీ మొదలెడుతున్నారు.

"ఇదేమిటండీ గురువుగారూ?"

"నువ్వట్రా? వచ్చే ఏటి గణితం. నీ మిషనొచ్చేలోగా ఊరికే కూచోడం ఎందుకని మొదలెట్టాం" అన్నారు, తలెత్తకుండానే.

"చైత్రం నుంచి ఇప్పటిదాకా ఐదు నెలలది ఇలాగే వేశారు నాయనా" అన్నారు అమ్మగారు. "ఆ మోకాళ్ళు చూడు, కాయలు కాసిపోయాయి. కాకినాడ డాక్టరు కంటి నరం ఎండిపోతోందన్నాడు, ఆపరేషన్‌కి లొంగేది కాదట. పలక మీద అంకెలు అవుపించడం లేదని గచ్చుకెక్కారు. చెబితే వినే మనిషా!"

నేను నెలకి రెండుసార్లు ఆ ఇంటికి వస్తూనే ఉన్నాను, వీధరుగు మీదే కూచుని కబుర్లు చెప్పి వెళ్తూనే ఉన్నాను. ఆయన మాట్లాడేటప్పుడు చెవి ఎందుకు నా వైపు పెడుతున్నారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వీర్రాజు కొట్లో ఏ ప్రాసెసర్ ఏ వారం ఎంతకి దిగిందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఛీ, ఎందుకొచ్చిన బతుకు అనిపించింది.

"ఇంత ఎండలో వచ్చావు, ఏమిట్రా సంగతి?"

"ధర... తగ్గిందండి."

"అలాగా! కొన్నావా మరి?"

"లేదండి. దీపావళికి ఇంకా తగ్గుతుందనీ..."

ఆయన మెల్లిగా లేచి గోడకి చేరబడి కూర్చున్నారు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. ఆ మొహంలో కోపమన్నది వెతికినా లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

"మొన్న ఉగాదికి పలక మీదే వేశాన్రా. జ్యేష్ఠంలో జానెడు రాస్తే కనపడేది. ఇప్పుడు మూరెడు రాయాల్సొస్తోంది. తగ్గేది ధర ఒక్కటేనట్రా, అబ్బాయ్?"

అని జోడు పెట్టుకుని మళ్ళీ గచ్చు మీదకి వంగారు.

నేను గడప మీద కూలబడ్డాను. ఆ డొక్కు కంప్యూటర్ నెల గణితానికి ఒక రోజు తీసుకుంటుంది. పన్నెండు నెలలకి పన్నెండు రోజులు. నేను ఐదు నెలలు కాచుకు కూచున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అమ్మగారు మజ్జిగ తెచ్చిచ్చారు.

లేచి వస్తూ అడిగాను. "మరి నన్ను కొనమంటారా, ఆగమంటారా గురువుగారూ?"

"పాతదాని మీద పని సాగుతోందంటే ఆగు. పని ఆగిపోయిందంటే ఆ పూటే కొను. దానికి ముహూర్తం చూడక్కర్లేదు."

మర్నాడు పొద్దున్నే డొక్కుదాని ముందు కూచున్నాను. చైత్రం నుంచే మొదలెట్టి, వచ్చింది వచ్చినట్టు, అమ్మగారినడిగి తెచ్చుకున్న నోటుపుస్తకంలోని గురువుగారి లెక్కతో పోల్చి చూశాను. ఏకాదశి దగ్గర రెండు నిమిషాల తేడా వచ్చింది. పాపం పెద్దాయన, చూపానక తప్పేశారనుకున్నాను. ఎందుకైనా మంచిదని నా ప్రోగ్రాం మొదటి నుంచీ వెతికితే, ఒక చోట ఆరు కొట్టవలసింది నేనే ఎనిమిది కొట్టాను. సగం చూపుతో, మోకాళ్ళ మీద, మూరెడేసి అంకెలతో వేసిన ఐదు నెలల గణితంలో ఆయన ఒక్క నిమిషం తప్పలేదు. లేచి నిలబడి ఆ నోటుపుస్తకానికి దణ్ణం పెట్టాను.

పన్నెండు రోజులకి పన్నెండు నెలలూ తేలాయి. వాటిని పెద్దక్షరాల్లో అచ్చు తీసి రోజుకి కొన్ని పేజీలు పట్టుకెళ్ళేవాణ్ణి. ఆయన భూతద్దంతో ఒక్కో అంకె చూసుకునేవారు. చెప్పినట్టే, తన కళ్ళతో చూసుకున్నారు.

ఆ తరవాత ఊళ్ళవారీ సూర్యోదయాల పట్టికలు మొదలెట్టాను. అరవై ఊళ్ళు, ఏడాది పొడుగునా. రెండు రోజులు పోరాడి డొక్కుది చేతులెత్తేసింది. ఆ పూటే రాజమండ్రి బస్సెక్కి ప్రాసెసర్ కొనేశాను. దీపావళికి ధర పడ్డాక వీర్రాజు కనపడి, "అయ్యయ్యో, దీపావళి దాకా ఆగుంటే ఎంత కలిసొచ్చేదండీ" అని నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. "నేను ఆగుంటే పుస్తకం ఆగేదయ్యా" అన్నాను. నిజం చెప్పొద్దూ, నాకు చీమ కుట్టినట్టైనా లేదు.

పట్టికలతో సహా అంతా దీపావళి వెళ్ళిన వారంలో ప్రెస్సుకి చేరింది. కొన్నాళ్ళకి ప్రెస్సు నూకరాజుగారు అట్ట నమూనా పట్టుకుని గురువుగారింటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. గురువుగారు దాన్ని తీసుకుని వీధిగుమ్మం దగ్గరికి వెళ్ళి, వెలుగులో ముక్కుకి ఆనించుకుని, ఇటూ అటూ తిప్పి చాలాసేపు వెతికారు.

"నా పేరు కనపడుతోందయ్యా. వీడి పేరేదీ?"

"అడుగున ఉందండీ, చిన్నక్షరాల్లో. శిష్యుల పేర్లు అలాగే వేస్తాం కదండీ."

గురువుగారు అట్ట ఆయన చేతిలో పెట్టేశారు.

"నా పేరు ఎంత చిన్నగా వేసినా ఫరవాలేదు, నాకు తెలిసిందే. వాడి పేరు నాకు కనపడేటంత వెయ్యండి."