ఒబేదు ముంచనన్నాడు

"నేను ముంచను," అన్నాడు ఒబేదు. "ఇంకెవరి చేతనన్నా ముంచించుకోమనండి. నా చేత్తో మాత్రం వాడికి బాప్తిస్మం జరగదు."

శనివారం పొద్దున్నే సైకిలు తొక్కుకుంటూ వచ్చి, దాన్ని గోడకి ఆనించి, కాళ్ళన్నా కడుక్కోకుండా వాకిట్లో నిలబడి అన్న మొదటి మాట అది. వాకిట్లో నెహెమ్యా అయ్యగారు మంచానికి నులక అల్లుకుంటున్నారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన్ని పెద్దయ్యగారంటాయి. ఆయన ముసలివాడై సేవ వదిలేశాక ఆ ఊళ్ళు చూసుకుంటున్నది ఒబేదే. బైబిలు పట్టుకోవడం దగ్గర్నించి శవాన్ని సాగనంపడం దాకా అతనికి అన్నీ నేర్పింది ఈయనే.

"వాడంటే ఎవడు?" అన్నారు పెద్దయ్యగారు.

"ఇంకెవడు. చెంచురామయ్య."

నులక లాగుతున్న చెయ్యి ఆగింది. ఆ పేరు ఆయనకీ తెలుసు.

చెంచురామయ్య ఒబేదు ఊళ్ళో సారా కాచేవాడు. ఒబేదు పేటలో తాటాకు పాక వేసి ప్రార్థన పెట్టిన దగ్గర్నించి తాగేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతూ వచ్చారు. బేరం పడిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలంటే చెంచురామయ్యకి దేవుడి మీద పగేమీ లేదు, పోయిన బేరం మీదే బాధ. కాకపోతే దేవుడి ఇల్లెక్కడో తెలియదు గనక పాక మీద పడ్డాడు. మనుషుల్ని వెంటేసుకొచ్చి, కప్పు మోసే నిట్టాళ్ళతో సహా పీకించాడు. ఒబేదు అన్న యోనా రెండు చేతులూ చాపి అడ్డం నిలబడితే, గునపం తిరగేసి మోకాలి మీద కొట్టాడు. యోనా తాపీ మేస్త్రీ. ఆ దెబ్బతో మళ్ళీ పరంజా ఎక్కలేదు. కేసు పెడితే సాక్షి చెప్పే మొగాడు ఊళ్ళో లేకపోయాడు. పాక నిట్టాళ్ళనీ దూలాల్నీ బండి మీద వేసుకుపోయి సారాబట్టీ కింద కట్టెలు చేసుకున్నాడు చెంచురామయ్య. ఆ పొగ పేట మీదుగానే పోయేది.

అలాంటి మనిషి పోయిన ఆదివారం ఆరాధనకొచ్చాడు.

కొత్త పాక గుమ్మం బయట, చెప్పులు విడిచే చోట కూలబడ్డాడు. ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. ఒబేదు చదువుతున్న వాక్యం ఎక్కడ ఆపాడో మళ్ళీ దొరకలేదు. అంతా అయ్యాక ఆ మనిషి లేచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుం మీద పెట్టుకుని, "నాకు బాప్తిస్మం కావాలి," అన్నాడు.

ఏం జరిగిందయ్యా అని అడిగారు.

"బట్టీ ముందు కూచున్నా. మీ పాక దూలం, ఆఖరిది, పొయ్యిలోకి తోస్తన్నా. చెయ్యి ఆడలా. ఎవరో మణికట్టు పట్టుకున్నట్టుంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. అట్టాగే కూచున్నా. పొయ్యి ఆరిపోయింది. లేచి కుండలన్నీ తన్నేశా. అంతకు మించి నాకు తెలవదు."

సంఘపెద్ద తిమోతి కళ్ళు తుడుచుకున్నాడు. "సంఘాన్ని హింసించి, ఆఖరికి ప్రభువు మనిషే అయిపోయిన సౌలు కథే కదయ్యా ఇది," అన్నాడు.

"సౌలు మా అన్న మోకాలు విరగ్గొట్టలా," అని ఒబేదు పాకలోంచి బయటికి నడిచాడు. వారమంతా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండి, ఇదిగో ఇప్పుడు గురువు గారి వాకిట్లో తేలాడు.

"కుండలు పగలగొట్టిన మాట నిజమేనా?" అడిగారు పెద్దయ్యగారు.

"నిజమే. పేట వెనక గుంటలో పెంకులు నేనే చూశా. ఇంకా కంపు కొడతంది."

"మరింకేంది?"

"ఇంకేందంటే ఏం చెప్పను అయ్యగారూ. మనకో పద్ధతుంది కదా. ముందు నేర్చుకోవాలి, పాఠాలు అప్పజెప్పాలి, నడత చూడాలి. మీరు చెప్పిందే కదా ఇదంతా. మా పోలయ్య తాతకి చుట్ట మానడానికి ఏడాది పట్టింది. వీడికేమో పొయ్యి ఆరేలోపల అంతా అయిపోయిందంట."

"దేవుడికి కాస్త తొందరెక్కువ."

"తొందరైతే మాత్రం మాతో చెప్పి చెయ్యొద్దా? దెబ్బలు తిన్నది మేము. వాణ్ణి లోపలికి రానియ్యనా అని ఒక్క మాట మమ్మల్ని అడగొద్దా?"

"ఆయన అడిగి చేసిన పని ఒక్కటి చెప్పరా."

ఒబేదు ఆలోచించాడు. ఏదో ఒకటి తట్టకపోతుందా అని పట్టుదలగా ఆలోచించాడు. "మరియమ్మని," అన్నాడు.

"ఆమెనీ అడగలా. కొడుకుని కంటావని చెప్పాడంతే."

దానితో ఒబేదు కోపం చల్లారలేదు సరిగదా, దేవుడి మీదికి కూడా పాకింది. గుండెల్లో వారం రోజులు కుక్కుకున్నదంతా బయటికొచ్చింది.

"అయ్యగారూ, నేను శుక్రవారాలు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ప్రార్థన చేశా. ఏమని చేశాననుకున్నారు? వాణ్ణి కొట్టమని. అందరూ చూస్తుండగా వాడు కూలిపోవాలని. న్యాయం అడిగా నేను. ఆయనేం చేశాడు? వాణ్ణే తెచ్చి నా ఎదురుగా కూచోబెట్టాడు. రేపట్నించి ప్రభువు బల్ల దగ్గర వాడి చేతిలో రొట్టె నేను పెట్టాలి. వాణ్ణి సహోదరుడా అనాలి. ఆయనకి వాణ్ణి మార్చుకోవాలనుంటే మార్చుకోనీండి. నన్నెందుకు మధ్యలోకి లాగటం?"

"యోనా ఏమంటున్నాడు?"

"ఇచ్చెయ్యరా అంటన్నాడు."

"మరి దెబ్బ తిన్నవాడే ఇచ్చెయ్యమంటుంటే."

"కాలు ఆయనది. కోపం నాది."

పెద్దయ్యగారికి నవ్వొచ్చి ఉంటుంది గాని నవ్వలేదు. నులక చివర ముడివేసి, మంచం పట్టె మీద చెయ్యానించి శిష్యుడి మొహంలోకి చూశారు.

"చంపాలనుందా వాణ్ణి?"

ఇంకొకరైతే లెంపలేసుకుని అబ్బే అనేవాళ్ళే. ఒబేదు కళ్ళు దించలేదు. "ఉంది," అన్నాడు.

అని భుజానున్న గుడ్డసంచీ తీసి, సగం అల్లిన మంచం మీద పెట్టాడు. అందులో బైబిలూ, పాటల పుస్తకమూ ఉన్నాయి. "ఇది మీరిచ్చిందే, మీరే తీసుకోండి. ఇంత కోపం పెట్టుకుని సేవ చెయ్యకూడదు. ఈ కోపం నేను వదలను. ఊరికి ఇంకో మనిషిని చూసుకోండి."

ఇప్పుడు తిడతారనుకున్నాడు. కనీసం ఒక వాక్యం చదివి గుండె కరిగేలా మాట్లాడతారనుకున్నాడు. దానికి జవాబు కూడా దారిలో సిద్ధం చేసుకునే వచ్చాడు.

"సరే, అక్కడ పెట్టు," అన్నారు పెద్దయ్యగారు. "రేపు పొద్దున నేనొచ్చి ముంచుతా. నువ్వు గట్టు మీదికి రా, చాలు. మజ్జిగ తాగి పో."

చేతిదాకా వచ్చిన పోట్లాట జారిపోయినట్టయింది. ఒబేదు మజ్జిగ తాగకుండానే సైకిలెక్కాడు.

ఆదివారం పొద్దున కాలువ నిండుగా పారుతోంది. ఆ మెట్ట ఊళ్ళకి కాలువ వచ్చింది నిన్నగాక మొన్న. చిన్నపిల్లలు చేపల్లా ఈదుతారు గాని, పెద్దవాళ్ళలో ఒక్కడికీ ఈత రాదు. సంఘమంతా గట్టు మీద చేరింది. చేరకేం చేస్తుంది, సారా చెంచురామయ్య నీళ్ళలో దిగుతుంటే చూడనివాడెవడు.

అతని తరఫున మాత్రం ఎవరూ రాలేదు. ఇంట్లోవాళ్ళు తలుపు వేసేశారట. నిన్నటిదాకా వెంట తిరిగినవాళ్ళు రోడ్డు మీద సైకిళ్ళాపి, అల్లంత దూరాన్నుంచి చూసి ఈలవేసి పోయారు. తెల్ల చొక్కా, తెల్ల పంచె కట్టుకుని చెంచురామయ్య గట్టున ఒక్కడే గొంతుక్కూర్చుని నీళ్ళ వంక చూస్తున్నాడు. ఒబేదు తుమ్మచెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కనే యోనా చేతికర్ర మీద వాలి ఉన్నాడు.

ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. పెద్దయ్యగారు పంచె ఎగదోపుకుని నడుంలోతు దాకా దిగారు. చెంచురామయ్యని చెయ్యిపట్టి దించారు. అడగాల్సినవి అడిగారు. అతను అన్నిటికీ నమ్ముతున్నానన్నాడు.

అప్పుడు పెద్దయ్యగారు నడుం పట్టుకుని నిలబడిపోయారు.

"ఒబేదూ, ఒకసారి ఇట్రా."

ఒబేదు కదల్లేదు.

"ఈయన చూస్తే ఇంత భారీ మనిషి. ముంచడం నా వల్లవుద్ది గాని లేపడం నా వల్ల కాదు."

"నేను చెయ్యనన్నా కదా అయ్యగారూ."

"చెయ్యమనలా. వచ్చి పట్టుకోమన్నా."

ముసలాయన వేసిన ఎత్తు ఒబేదుకి తెలియక కాదు. పాట పాడేవాళ్ళ కళ్ళన్నీ తన మీదే ఉన్నాయి. పళ్ళు కొరుక్కుంటూ దిగాడు. చొక్కా కూడా విప్పలేదు. దగ్గరికి రాగానే పెద్దయ్యగారు చెంచురామయ్య ముడిచిన రెండు చేతులూ తీసి ఒబేదు చేతిలో పెట్టారు. ఒబేదు రెండో చేతిని చెంచురామయ్య మెడ కిందికి చేర్చారు. చేర్చి, నాలుగడుగులు వెనక్కి వేశారు.

"చంపాలనుందన్నావుగా," అన్నారు, ఆ ముగ్గురికీ మాత్రమే వినపడేలా. "నీళ్ళున్నాయి, మనిషున్నాడు. ముంచు. లేపడం నీ ఇష్టం. నేను అడ్డం రాను."

చెంచురామయ్య కూడా విన్నాడు. గుడ్లప్పగించి పెద్దయ్యగారిని చూశాడు, ఒబేదుని చూశాడు. చెయ్యి వెనక్కి లాక్కోవచ్చు. గట్టు నాలుగు బారల దూరం కూడా లేదు.

"నాకు ఈత రాదు," అన్నాడు. ఇంకేదో అనబోయి మానేసి కళ్ళు మూసుకున్నాడు.

తండ్రి నామమున అనలేదు, కుమారుని నామమున అనలేదు. ఒబేదు ఒక్క విసురుతో వెల్లకిలా ముంచేశాడు.

ముంచి, పట్టుకున్నాడు.

అతని ఆలోచన ఒక్కటే. వీడు ఇప్పుడు తన్నుకుంటాడు. చేతులు విడిపించుకుని నా గొంతు పట్టుకుంటాడు. అప్పుడు గట్టు మీదున్న అందరికీ తెలిసిపోద్ది, వీడు పాత చెంచురామయ్యేనని. తిమోతి చూస్తాడు. అన్న చూస్తాడు. ఆ పైనున్నాయన కూడా బాగా చూస్తాడు, తొందరపడి ఎలాంటివాణ్ణి తెచ్చుకున్నాడో.

నీళ్ళ కింద ఆ మొహం అటూ ఇటూ వణుకుతోంది. బుడగలు పైకి వస్తున్నాయి. కాళ్ళు కొట్టుకుంటున్నాయి, అది అతని చేతుల్లో లేని పని. చేతులు మాత్రం ఒబేదు చేతిలో ముడుచుకునే ఉన్నాయి.

"తన్నుకో," అన్నాడు ఒబేదు పళ్ళ సందున. "తన్నుకోరా."

గట్టు మీద పాట ఒక్కో గొంతే ఆగిపోయింది. యోనా ఒరేయ్ అని అరిచాడు. పెద్దయ్యగారు నిలబడ్డచోటు నుంచి కదల్లేదు. ఆయన పెదవులు మాత్రం ఆడుతున్నాయి.

బుడగలు ఆగాయి. చేతులు విడలేదు.

"నీకు దణ్ణం పెడతా," అన్నాడు ఒబేదు. ఎవరితో అన్నాడో అతనికే తెలియాలి. ఉన్న బలమంతా పెట్టి పైకి లాగాడు.

ఆ బరువు ఒక్కడికి లేచేది కాదు. కింద బురద జారింది. కాలు తప్పి ఒబేదు కూడా మునిగిపోయాడు. ముక్కులోకీ నోట్లోకీ నీళ్ళు పోయాయి. పైనేదో కిందేదో తెలియలేదు. ఇంతే కాబోలు అనుకున్నాడు. భయమేసింది, చాలా భయమేసింది. అప్పుడు వీపు దగ్గర చొక్కాని ఎవరో గుప్పిట పట్టి పైకి గుంజారు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా చెంచురామయ్య. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, దగ్గుతో నిలవలేకపోతున్నాడు. అయినా పట్టిన చొక్కా వదల్లేదు. ఒబేదు చెయ్యి కూడా అతని చొక్కా ముందువైపు పట్టుకునే ఉంది, ఎప్పుడు పట్టుకున్నాడో గాని.

ఒబేదు నీళ్ళు కక్కుకున్నాడు. ఊపిరి అందగానే చెప్పిన మాట ఇది:

"నా కోపం పోలా."

చెంచురామయ్య దగ్గు మధ్యలో తలూపాడు. "పోవాలని నేనన్లేదయ్యా," అన్నాడు.

తర్వాత ఒబేదు తడిచేతిని అతని తల మీద పెట్టాడు. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే, తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామమున అని ఆ మాటలన్నీ చివరిదాకా అన్నాడు. గట్టు మీద ఎవరో ఆమేన్ అన్నారు. యోనా కర్ర పక్కన పడేసి నేల మీద కూర్చుండిపోయాడు.

తిమోతికి మాత్రం మనసు కుదుటపడలేదు. మంచివాడే, కాని పద్ధతి తప్పితే అతనికి ఆ పూట అన్నం సహించదు. గట్టెక్కుతున్న పెద్దయ్యగారికి ఎదురొచ్చాడు.

"అయ్యగారూ, నామం ముందు పలకాలి, ముంచడం తర్వాత. మన చిన్నయ్యగారు ముందు ముంచేశాడు, తనూ మునిగాడు, అన్నీ అయ్యాక పలికాడు. ఇది చెల్లుద్దంటారా? మళ్ళీ ముంచాలేమో."

పెద్దయ్యగారు పంచె చెంగు పిండుకుంటూ కాలువ వైపు తిరిగారు.

"ముంచుదాం," అన్నారు. "ఆ ఇద్దర్లో ఎవర్ని?"