నాంచారమ్మ హోటలుకెళ్ళిన రోజు

కళ్ళు మూసుకో తల్లీ, చెప్తాను. ఊఁ కొడుతూ ఉండాలి మరి.

అనగనగనగా, రైలు గేటు దాటి కాస్త ముందుకెళ్తే ఒక ఊరు. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ చేతి వంటంటే ఊరంతా లొట్టలేసేది. ఆవిడ మొగుడు రంగనాయకులు మాత్రం గబగబా తినేసి, చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు. కొందరు మగాళ్ళంతేలే.

అలా ఉండగా బస్టాండు పక్కన కొత్తగా ఒక కాఫీ హోటలు పెట్టారు. అప్పట్నుంచీ రంగనాయకులు పొద్దున్నే అక్కడికే పరుగు. వెళ్ళేటప్పుడు ముటముటలాడే మొహం, వచ్చేటప్పుడు మతాబాలా వెలిగిపోయేది.

నాంచారమ్మకి కలుక్కుమంది. 'ఇన్నేళ్ళు వండి పెట్టానే, నా చేతిలో రుచి పోయిందా?' అనుకుంది. ఆ ఇంట్లో ఆవిడకి తనదంటూ ఉన్నది ఆ చేతి రుచి ఒక్కటే. అదీ పోతే ఇంకేం మిగిలింది? ఆ దిగులుతో అన్నం సయించడం లేదు. అయితే దిగులుతో పాటు ఇంకోటి కూడా పట్టుకుంది. అసలా హోటల్లో ఏముందో తేల్చుకోవాలని! ఆ యావ పట్టిందంటే మనిషిని కూర్చోనివ్వదమ్మా.

మొదట మొగుడి చేత పెసరట్టు పొట్లం కట్టించి తెప్పించింది. విప్పి, వాసన చూసి, కొస తుంచి నోట్లో వేసుకుంది. అల్లం తక్కువ. తనదే నయం.

ఆ తర్వాత పక్కింటి చుక్కమ్మని అడిగింది. "ఏముంటుందొదినా, బల్లలుంటాయి, కుర్చీలుంటాయి. కూర్చుంటే మాత్రం లేవబుద్ధి కాదు" అంది చుక్కమ్మ. ఇది మరీ విడ్డూరంగా తోచింది.

ఇంక లాభం లేదని, మొగుడు సంతకెళ్ళిన రోజు చూసి, జరీ అంచు చీర కట్టుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని తనే బయల్దేరింది.

గోడవార బల్ల దగ్గర ఒదిగి కూర్చుంది. అప్పుడు తెల్లమీసాల సర్వరు వచ్చి, "ఏం కావాలమ్మా?" అన్నాడు.

"మా ఆయనకి పెసరట్టు ఇష్టం నాయనా. మా పెద్దాడైతే గారెలంటే పడి చస్తాడు."

"వాళ్ళు రాలేదుగా అమ్మా. మీకేం కావాలి?"

వాళ్ళకి వండి, మిగిలింది తినడమే గానీ, ఆవిడనెవరూ ఆ మాట అడిగిందే లేదు. చాలాసేపు ఆలోచించి ఆఖరికి, రహస్యం చెప్తున్నట్టు, "రవ్వట్టు. బాగా కరకరలాడేట్టు" అంది.

రవ్వట్టు వచ్చింది, పొగలు కక్కుతూ. నాంచారమ్మ ముట్టుకోలేదు. ఎందుకో చెప్పుకో? అందరూ తిన్నాకే తాను తినడం ఆవిడకి అలవాటు! హోటల్లో ఉన్నవాళ్ళందరిదీ అయ్యాక తిందామని కూర్చుంది, పిచ్చితల్లి.

ఒకరు లేస్తే ఇద్దరొచ్చి కూర్చునేవారు. సరే, ఖాళీగా ఎందుకని అందర్నీ చూస్తూ ఉంది. ఒక మూల కొత్త జంట. ఒక్క కాఫీ ముందు పెట్టుకుని గుసగుసలాడుతున్నారు. ఇంటినిండా జనం కాబోలు, మాట్లాడుకోడానికి చోటేదీ? ఇంకో బల్ల దగ్గర రిక్షా అతను. ఊరంతా 'ఒరేయ్' అని పిలిచే మనిషిని సర్వరు "రండి, కూర్చోండి" అన్నాడు. అతను ఎంత దర్జాగా కూర్చున్నాడనుకున్నావ్! ఆ పక్కన ఒక ముసలాయన. ఇడ్లీ తిన్నది తక్కువ, సర్వరుతో కబుర్లు చెప్పింది ఎక్కువ.

'ఓహో, ఒట్టి ఆకలి కోసమే వచ్చినవాళ్ళు కారన్నమాట వీళ్ళు' అనుకుంది నాంచారమ్మ.

అప్పుడు సర్వరు మళ్ళీ వచ్చాడు. "బాగాలేదామ్మా? ముట్టుకోనేలేదు."

"అందరిదీ కానీ నాయనా, తింటాను."

సర్వరు నవ్వబోయి ఆగిపోయాడు. వాళ్ళమ్మ గుర్తొచ్చిందో ఏమో. "ఇక్కడ అందరిదీ అవడమంటూ ఉండదమ్మా. పొయ్యి ఆర్పేదాకా వస్తూనే ఉంటారు. మీరు తినండి" అని, చల్లారింది తీసేసి, వేడిది ఇంకోటి పోయించి తెచ్చాడు.

నాంచారమ్మ తుంచి నోట్లో పెట్టుకుంది. చుర్రుమంది! నాలుక కాలింది. అంత చెయ్యి తిరిగినావిడకి, వేడివేడిగా తినడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషమో దుఃఖమో ఆవిడకే తెలీలేదు.

పొద్దువాలాక రంగనాయకులు సంత నుంచి వచ్చాడు. కంచం ముందు కూర్చున్నాడు. నాంచారమ్మ ఇంక ఆగలేక అడిగేసింది.

"ఏవండీ, నా వంట బాగుండటం లేదా?"

"ఎవరన్నారే? నీ వంట ముందు ఆ హోటలు వంటెంత!"

"మరి రోజూ ఎందుకు వెళ్తారు?"

రంగనాయకులు బుర్ర గోక్కున్నాడు. "అక్కడ... ఏం కావాలని అడుగుతారే. నువ్వు అడగవుగా. నీకన్నీ తెలుసాయె" అన్నాడు.

నాంచారమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వొచ్చింది. ఆ వెనకే కోపమూ వచ్చింది.

"నాకు తెలుసు కాబట్టి నేనడగలేదు. మీరు తెలీకపోయినా అడగలేదు" అంది.

రంగనాయకులు కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశాడు. అప్పుడు లేచెళ్ళి ఇంకో కంచం తెచ్చి, తన కంచం పక్కనే పెట్టాడు. ఆవిడని కూర్చోబెట్టి, అన్నం వడ్డించాడు, సగం కింద పోసి మరీ. "ఏం కావాలే నీకు?" అన్నాడు.

"ముందు మీరు కూర్చోండి, చల్లారిపోతుంది" అంది నాంచారమ్మ.

ఆ మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చుని తిన్న మొట్టమొదటి అన్నం అదేనమ్మా.

కథేమో కంచి బండెక్కె,
కంచమేమో గూట్లోకెక్కె,
కునుకేమో నీ కంటికెక్కె!